పాటను కుదించుట
ఘట్‌కేసర్ స్టేషనులో కాజీపేట వైపు పోవు బండి కూత వేయునప్పుడు, ప్రక్కనున్నవారి గుసగుస మనకు వినబడదు. పాటల ఫైళ్లను కుదించు ఎంపీ3 పద్ధతికి ఆధారము ఈ చెవి స్వభావమే. పెద్ద ధ్వని చాటున మరుగుపడు సన్నని ధ్వనులను లెక్కగట్టి వదలివేయుదురు. సీడీలో నిమిషము పాటకు సుమారు 10 మెగాబైట్లు పట్టును. సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3కి ఒక్కటి చాలును. ఫోనులో చోటు మిగులును, నిజమే. కాని వదలినది మరల రాదు. కుదించినదానినే మరల మరల కుదించినచో తాళముల మ్రోత గరగరలాడును, తంబుర నాదము పలుచబడును. తాతగారు పాడిన పద్యము పాత క్యాసెట్టులో ఉన్నదా? దానిని ముందుగా ఫ్లాక్ పద్ధతిలో ఎక్కించి దాచుడు. పరిమాణము సగమునకు కాస్త అటునిటుగా తగ్గును. ఎక్కించినదానిలో ఒక్క బిట్టయినను పోదు. ఫోనునకు కావలసిన ఎంపీ3ను దానినుండి వేరుగా చేసికొనవచ్చును. ఆ టేపు రెండవసారి తిరుగునో, తెగునో!