ఉత్సవములు, విద్యార్థి సంఘములు, లెక్కల పుస్తకము
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. పగలు చిట్టా ఆవర్జాలు వ్రాసికొని, రాత్రివేళ ఈ గ్రంథాలయము నుండి తీసికొనిపోయిన భారతమును చదువుకొను లెక్కల గుమాస్తాను. నాకు గురువు లేడు. ఈ బీరువాలోని నిఘంటువే గురువు. అట్టివానిని ప్రసంగింపుమని కార్యవర్గమువారు కోరుటకు కారణ మొకటి కలదు.

మన ఊరి విద్యార్థులు కొందరు గ్రంథాలయ కార్యవర్గమున తమకు రెండు స్థానములు కావలెననియు, ఏటేట జరుగు ఉత్సవముల నిర్వహణ తమకు అప్పగింపవలెననియు అర్జీ పెట్టుకొనిరి. పెద్దలలో కొందరు "చదువుకొను పిల్లలకు పెత్తనమెందుకు? పట్నములో కాలేజీ ఎన్నికలు ఏమైనవో చూడలేదా?" అనిరి. వచ్చు ఆదివారము సర్వసభ్య సమావేశమున ఈ విషయము తేలవలసియున్నది. పట్నమున, అందును పాతబస్తీలో, కొన్నాళ్లు చదివినవాడను గనుక, నాకు తెలిసిన నాలుగు మాటలు మీ ముందుంచెదను.

మూసీ దక్షిణపు గట్టున, హైకోర్టు భవనము ప్రక్కనే సిటీ కాలేజీ కలదు. విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పి రూపకల్పన చేసిన ఆ భవనమున 1921లో ఇంటర్మీడియెట్ తరగతులు మొదలై, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనవి. ఆ విశ్వవిద్యాలయము అంతకు మూడేండ్ల ముందు, 1918లో, స్థాపింపబడెను. ఉన్నత విద్యను ఉర్దూలో బోధించిన విద్యాలయ మది. తెలుగు, మరాఠీ, కన్నడ దేశముల పిల్లలు పలువురు అచ్చటికి పోయి చదువుకొనిరి.

విద్యార్థుల ఉత్సవములనగా ఆటపాటలే యని మనము తలంతుము. ఆట ఆటగానే ఉండదు. ఉస్మానియాలో చదివి, తరువాత సిటీ కాలేజీలో ఉర్దూ బోధించిన మఖ్దూం మొహియుద్దీన్, విద్యార్థిగా నున్న దినములలోనే, 1934 ప్రాంతమున, బెర్నార్డ్ షా నాటకమునకు అనుసరణ వ్రాసి రంగమెక్కించెను. పేదల ఇంటి అద్దెలతో బలిసిన ధనికుల కథ యది. నవ్వుచు చూచినవారు ఆలోచించుచు ఇంటికి పోయియుందురు.

1938 చివర మరియొకటి జరిగెను. ఉస్మానియా వసతిగృహములలోని విద్యార్థులు ప్రార్థనవేళ వందేమాతర గీతమును పాడుకొనుచుండగా అధికారులు వలదనిరి. మానక పాడినవారిని వసతిగృహముల నుండియు, పిదప విశ్వవిద్యాలయము నుండియు వెడలగొట్టిరి. సమ్మె ఇతర పట్టణముల విద్యాలయములకును ప్రాకెను. చదువు పోయిన ఆ పిల్లలకు నాగపూరు విశ్వవిద్యాలయము తలుపులు తెరచెను. అందులకు దాని ఉపాధ్యక్షులు టి. జె. కేదారుగారిని నేటికిని మనవారు స్మరింతురు. ఆ విధముగ నాగపూరు పోయి చదివినవారిలో పి. వి. నరసింహారావుగారు ఒకరు. 1991లో వారు భారత ప్రధానమంత్రి యైరి.

1952లో ముల్కీ నిబంధనలను త్రోసివేసి స్థానికేతరులకు ఉద్యోగము లిచ్చుచున్నారని వరంగల్లున లేచిన విద్యార్థుల ఆందోళన హైదరాబాదునకు వచ్చెను. సెప్టెంబరు మొదటి వారమున సిటీ కాలేజీ ప్రాంతమున పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డిగారిచే ప్రభుత్వము విచారణ జరిపించెను. మరల 1969లో ప్రత్యేక తెలంగాణ కొరకు ఉస్మానియా విద్యార్థులే ముందు నిలిచిరి.

ఈ చరిత్రనంతయు ఏల చెప్పితిని? చెరువునకు తూము లేకున్న కట్ట తెగును. పిల్లల మాట వినుటకు ఒక త్రోవ ఉండవలెను. ఆ త్రోవ పేరే విద్యార్థి సంఘము. వసతిగృహమున అన్నము బాగుండలేదను మాట మొదలు, దేశమెట్లుండవలెనను మాట వరకు, ఎన్నుకొనబడిన ప్రతినిధి ద్వారా పెద్దలకు చేరవలెను.

అయితే పెద్దల భయమును నేను కొట్టివేయను. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ఆవరణలోనే జార్జి రెడ్డి అను ప్రతిభావంతుడైన విద్యార్థి నాయకుని కత్తులతో పొడిచి చంపిరి. పక్షములు, పగలు, బయటివారి డబ్బు కళాశాలలలో ప్రవేశించినవి. ఆంధ్రప్రదేశమున 1980ల చివర విద్యార్థి సంఘములకు ప్రత్యక్ష ఎన్నికలు నిలిచిపోయినవి. కాని ఎన్నికలు మాన్పినంత మాత్రమున కొట్లాటలు మానలేదు. సంఘములు పార్టీల పేర ఉండనే ఉన్నవి. పోయినది, ఓటు వేసిన తోటివారికి సమాధానము చెప్పవలసిన బాధ్యత మాత్రమే.

దీనికి విరుగుడు వెదకిన పెద్దలును కలరు. పూర్వము దేశపు ప్రధాన ఎన్నికల కమిషనరుగా నుండిన జె. ఎం. లింగ్డోగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2006లో నివేదిక నిచ్చెను. ఆ సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు దానిని అమలుపరుపుమని ఆదేశించెను. అందలి నియమములు వినుడు. ఎన్నిక తతంగమంతయు 10 దినములలో ముగియవలెను. అభ్యర్థికి 75 శాతము హాజరుండవలెను. అచ్చు వేయించిన గోడపత్రికలు పనికిరావు. చేతితో వ్రాసినవే అంటింపవలెను. పార్టీల సొమ్ము ముట్టరాదు. ఖర్చు 5,000 రూపాయలు మించరాదు. ఫలితములు తెలిసిన రెండు వారములలో తనిఖీ చేయించిన లెక్క నొప్పగింపవలెను. ఒప్పగింపనివాని ఎన్నిక రద్దు కావచ్చును. లెక్కలవాడను గనుక ఈ కడపటి నియమము నాకు మిక్కిలి ప్రియమైనది. ఎందులకో చెప్పెదను. ఈ సంగతి ఇంతవరకు ఈ ఊరిలో నెవ్వరికిని చెప్పలేదు.

నాకు ఇరువది యేండ్ల వయసున, పాతబస్తీలో చదువుకొను దినములలో, మా వార్షికోత్సవ సంఘమునకు నన్ను కోశాధికారిగా ఎన్నుకొనిరి. తెలుగువారము పద్యములతో అంత్యాక్షరి ఆడవలెననియు, ఉర్దూవారు బైత్‌బాజీ జరుపవలెననియు, రెండును ఒకే వేదికపై ఒకే సాయంకాలము కావలెననియు నిశ్చయించుకొంటిమి. ఎంత చక్కని సంకల్పము! రసీదు పుస్తకములు పట్టుకొని పత్తర్‌గట్టి బట్టల అంగళ్లకు, లాడ్‌బజారు గాజుల అంగళ్లకు తిరిగితిమి. ఉత్సవము దివ్యముగ జరిగెను. శామియానా క్రింద చోటు చాలక జనము గోడలెక్కి వినిరి.

మరునాడు లెక్క కూర్చుంటిని. చందాలు వసూలు చేసినవాడును, ఖర్చు పెట్టినవాడును ఒకడే, నా ప్రాణమిత్రుడు. వాడు నోటితో చెప్పినది నేను వ్రాసితిని. 340 రూపాయలు తరుగు వచ్చెను. వాని నడుగుటకు మొగమోటమి. "ఇతర ఖర్చులు" అని ఒక పద్దు వ్రాసి, లెక్క సరిపెట్టి, సంతకము చేసితిని.

నెల తరువాత పత్తర్‌గట్టిలో ఒక వృద్ధ వర్తకుడు నన్ను గుర్తుపట్టి పిలిచెను. "బేటా, నేనిచ్చిన పదకొండు రూపాయలు దేనికి ఖర్చు చేసితిరి?" అని నవ్వుచునే యడిగెను. ఆయన నిందింపలేదు, తెలిసికొనగోరెను, అంతే. గదికి వచ్చి కౌంటర్‌ఫాయిళ్లు తిరుగవేసితిని. ఆయన పేరు వానిలో లేదు. ఆ రసీదు పుస్తకమే నాకు చేరలేదని అప్పుడు తెలిసెను. మరల ఆ అంగడి ముందుగా నడువలేకపోతిని. మరుసటి యేడు ఆ బజారున ఎవ్వరును మా వారికి చందా ఈయలేదు. అంత్యాక్షరియు లేదు, బైత్‌బాజీయు లేదు. రెండు భాషల పిల్లలు మరల ఒక వేదికపై కూర్చుండుట నేను చూడలేదు. తప్పు నా మిత్రునిదే కాదు, సంతకము నాది.

తరువాత చాల యేండ్లకు సభాపర్వము చదువుచు రాజసూయ ఘట్టమున ఆగిపోతిని. ధర్మరాజు అంతటి యాగమును ఒంటిచేత నడుపలేదు, పనులను పంచిపెట్టెను. దుశ్శాసనునికి భోజన వ్యవహారము, అశ్వత్థామకు బ్రాహ్మణ సత్కారము, సంజయునకు రాజుల మర్యాద. వచ్చు కానుకలను స్వీకరించుట దుర్యోధనునకు, ఖర్చు విదురునకు. జరిగినది జరుగనిది కనిపెట్టుటకు భీష్మద్రోణులు. చూచితిరా! రాబడి యొక చేత, ఖర్చు వేరొక చేత, పైన పెద్దల కన్ను. మేము ఇరువది యేండ్లవారము చేయలేని పనిని ఆ గ్రంథము మాకు ముందే చెప్పియుండెను, చదువలేదు. కానుకలు పుచ్చుకొన్న దుర్యోధనుడు ఆ సిరిని చూచి అసూయతో కుమిలిపోయెను గదా యందురేమో. నిజమే. అయినను ఖర్చు విదురుని చేతనుండెను గనుక యాగము చెడలేదు.

కావున నా మనవి యిది. పిల్లలకు ఆ రెండు స్థానములు ఇండు. అందొకటి ఆడపిల్లకు ఇండు. మన చందాదారులలో పుస్తకములు ఎక్కువ తీసికొనిపోవువారు వారే. స్థానము ఒక్క యేటికే ఉండవలెను. మరుసటి యేడు వేరొకరు రావలెను. చందా వసూలు చేయువాడు ఖర్చు పెట్టరాదు. రసీదు పుస్తకములకు వరుస సంఖ్యలు వేసి, ఎన్ని ఇచ్చితిమో అన్నియు తిరిగి తీసికొనవలెను. ఉత్సవమైన 15 దినములలో జమాఖర్చులు ఈ గ్రంథాలయము గోడకు అంటింపవలెను. పదకొండు రూపాయలిచ్చినవాడును వచ్చి తన పేరు చూచుకొనవలెను. "ఇతర ఖర్చులు" అను పద్దు మాత్రము ఉండరాదు. నేను నాటి నుండి నేటివరకు ఆ పద్దు మరల వ్రాయలేదు.

పిల్లలు పొరపాటు చేయుదురా? చేయుదురు. నేను చేసితిని. వారిని దూరముంచుట దానికి మందు కాదు. ప్రక్కన కూర్చుండి లెక్క నేర్పుటయే మందు. ఆ పనికి నేను జీతము లేకయే సిద్ధముగ నున్నాను. ప్రతి ఆదివారము ఉదయము ఈ బల్లవద్ద నుండెదను. వచ్చువారు ఒక పుస్తకము, ఒక కలము తెచ్చుకొనిన చాలును.