ఆఘాత తరంగము - లెక్కలో నిలకడ

బాపట్ల చేరువనున్న సూర్యలంక సముద్రస్నానములకు పేరొందిన తీరము. అచ్చట వైమానికదళ స్థావర మొకటి కలదు. ఈపురుపాలెమునకు అది కొలది క్రోసుల దూరము. 2020 సంవత్సరాంతమున వాయుసేనవారు అచ్చటినుండి ఆకాశ్ క్షిపణులను ప్రయోగించి చూచిరి. ఈ క్షిపణిని రూపొందించినది హైదరాబాదులోని రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల. శబ్దవేగమునకు రెండు రెట్లను మించిన వేగముతో అది పోవును. అట్టి వస్తువునకు ఎదురైన గాలి ఏమగును? దానిని ముందుగానే లెక్కకట్టి చెప్పుట సాధ్యమా? నేటి ప్రసంగ విషయ మిది.

దారిలో బండి గంట మ్రోగినచో జనులు ప్రక్కకు తొలగుదురు. గాలికి కూడ అట్టి గంట యున్నది. వస్తువు రాకను తెలుపు ఒత్తిడి వార్త శబ్దవేగముతో, అనగా సెకనుకు సుమారు 340 మీటర్ల వేగముతో, ముందునకు సాగును. వస్తువే అంతకంటె వేగముగా వచ్చినచో, వార్త అందకముందే గాలి దానికి చిక్కును. అప్పుడు ఒత్తిడి, సాంద్రత, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరుగును. ఇదియే ఆఘాత తరంగము. నిట్టనిలువు తరంగమైనచో, శబ్దమునకు రెండింతల వేగమున ఒత్తిడి నాలుగున్నర రెట్లగును. ఈ మార్పంతయు జరుగు పొర మందము సెంటీమీటరులో లక్షవ వంతునకు కొన్ని రెట్లు మాత్రమే!

దీనికి దగ్గరి పోలిక మన పెరటిలోనే కలదు. కొళాయినీరు గచ్చుపై పడి పలుచగా, వడిగా నలువైపులకు పరచుకొనును. కొంత దూరము పోయినపిమ్మట వలయాకారముగా ఉన్నట్టుండి మెట్టువలె పైకి లేచును. నీటిలోని ఆ మెట్టు, గాలిలోని ఈ మెట్టు ఒకే జాతివి.

గణకయంత్రము, అనగా కంప్యూటరు, గాలి నంతటిని ఏకముగా చూడలేదు. చీరాల ప్రాంతపు నేతగాడు పడుగు పేకలతో బట్టను అల్లినట్లు, గణితజ్ఞుడు గాలి నంతయు చిన్న చిన్న గళ్ళుగా విభజించి, గడికొక అంకె వేసికొనును. బట్టపై ఏటవాలు గీతను నేసినచో అది దారముల వెంట మెట్లు మెట్లుగా కనబడును. లెక్కలో కూడ అట్టి చిక్కే కలుగును. గడి ఎంత చిన్నదైనను ఆఘాత తరంగపు మందము కంటె అది వేల రెట్లు పెద్దది.

మొదటి నియమము కాలమునకు సంబంధించినది. కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అను మువ్వురు 1928లో దానిని తెలిపిరి. లెక్క వేయు ఒక్కొక్క అడుగులో వార్త ఒక గడిని మించి పోరాదు. గడి ఒక మిల్లీమీటరు, వార్త వేగము సెకనుకు వేయి మీటర్లు అయినచో, అడుగు సెకనులో పదిలక్షల వంతును దాటరాదు. దాటినచో అంకెలు అదుపుతప్పి లెక్క చెడిపోవును.

ఈ నియమము పాటించినను మెట్టు చెంత మరొక బాధ కలదు. నునుపైన ప్రవాహమునకై కట్టిన సూత్రములు అచ్చట లేని అలలను పుట్టించును. ఒక గడిలో ఒత్తిడి సున్నకు దిగువకు జారినచో, శబ్దవేగమునకై ఋణసంఖ్యకు వర్గమూలము తీయవలసివచ్చి యంత్రము ఆగిపోవును. 1950లో ఫన్ నాయ్‌మన్, రిక్ట్‌మయర్ ఒక ఉపాయము చెప్పిరి. గాలి నొక్కుకొనుచోట మాత్రము లెక్కలో కొంత కృత్రిమమైన జిగటను చేర్చవలెను. అప్పుడు మెట్టు మూడు నాలుగు గళ్ళలో పరచుకొనును గాని, దాని ఎత్తును వేగమును మారవు.

1959లో రష్యా గణితజ్ఞుడు గొడునోవ్ వేరొక దారి త్రొక్కెను. ఇరుగుపొరుగు గళ్ళ నడుమ గోడ యున్నట్లును, అది తొలగినట్లును భావించి, ఏ అల ఎటు పోవునో గణించెను. రీమాన్ 1860లోనే సాధించిన సమస్య ఇందులకు తోడ్పడినది. కాని కొత్త అలలను పుట్టింపని సరళమైన ఏ పద్ధతియు మొదటి తరగతి సూక్ష్మతను మించజాలదని గొడునోవే నిరూపించెను. 1970లలో వాన్ లీర్ మొదలగువారు ఈ అడ్డును దాటు మార్గము కనుగొనిరి. నునుపైన చోట సూక్ష్మమైన సూత్రము, మెట్టు దగ్గర జాగ్రత్తయైన సూత్రము. మలుపు చూచి పగ్గము బిగించు బండివాని నేర్పే యిది. మన దేశమున బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్. ఎం. దేశపాండే 1980లలో గాలి అణువుల గమనమునుండియే ఇట్టి పద్ధతులను రూపొందించెను.

ఇంతతో కథ ముగియలేదు. 1988లో పీరీ, ఇమ్లే అను ఇరువురు మొద్దుముక్కు గల వస్తువు ముందరి తరంగమును లెక్కించినప్పుడు, నున్నని విల్లువంటి ఆ తరంగము నడుమ ఒక బొడిపె లేచినది. దానికి రాచపుండను అర్థము గల ఆంగ్లనామము స్థిరపడినది. ప్రకృతిలో అట్టి బొడిపె లేదు. తరంగమును పదునుగా చూపు ఉత్తమ పద్ధతులలోనే ఈ జబ్బు కనబడుట విచిత్రము. తరంగము గళ్ళ వరుస వెంట నిలిచినప్పుడు, దాని వెంబడి పుట్టు చిన్న దోషములను అణచు జిగట ఆ పద్ధతులలో లేకపోవుటయే దీనికి ముఖ్యకారణము.

ఆగిపోయిన లెక్క అంత అపాయకరము కాదు. దాని తప్పు బయటపడినది. రాచపుండు పుట్టిన లెక్క ఆగక చివరివరకు నడచి, ముక్కుపై పడు వేడిని తప్పుగా చెప్పవచ్చును. దానిని నమ్మి కవచపు మందము నిర్ణయించినచో ఏమగునో ఊహింపుడు. జిగట పెంచినచో పుండు మానును. కాని వస్తువు చర్మము నంటియుండు పలుచని గాలిపొర కూడ మసకబారి, ఆ వేడియే మరల తప్పగును. మందు కావలెను, మోతాదు మించరాదు. నేటికిని సర్వసమ్మతమైన ఏక చికిత్స లేదు.

ఈ గణితము క్షిపణులకే పరిమితము కాదు. 2004 డిసెంబరు 26న మన తీరమును తాకిన సునామీ వంటి అల, లోతు తక్కువైన చోట నిలువు మెట్టువలె లేచినప్పుడు, దాని సమీకరణములు వీనికి తోబుట్టువులు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమున 2007 నుండి సునామీ హెచ్చరిక వ్యవస్థ పనిచేయుచున్నది. నీరు ఎంత దూరము లోనికి వచ్చునో ముందుగా చెప్పవలెనన్న, లెక్కలో ఆ మెట్టు కరిగిపోరాదు, లేని అలలు లేవరాదు. కావున ఫలితమును చూచిన ప్రతివాడును వేసికొనవలసిన ప్రశ్న యొక్కటే: ఈ మెట్టు ప్రకృతిది యా, నా గళ్ళది యా?