సరకుల పట్టీయందలి సత్యము
(పఠనమందిర వార్షికసభలో చేసిన యుపన్యాసము)



నేటి సభకు మే మెన్నుకొనిన విషయము వినుటకు శుష్కముగ దోచవచ్చును. ఓడలపై నెక్కు సరకుల పట్టీలనుగూర్చియు, వానిలో వ్రాయు అంకెలనుగూర్చియు మాటలాడ బూనితిమి. అవి వర్తకులకును సుంకపు గుమాస్తాలకును సంబంధించిన సంగతులు గదా, మనకేల యని కొందరనవచ్చును. కాని ఆ పట్టీలో నొక యంకె తప్పినపుడు ప్రాణముల కపాయము కలుగునది దానిని వ్రాసిన వర్తకునకు గాదు. ఓడలోని కళాసీకి, రేవులోని కూలివానికి, తీరమున వలవేయు జాలరికి. కావున నిది మనవిషయమే.

2007 జనవరిలో "ఎం.ఎస్.సి. నాపొలి" యను పెద్ద యోడ ఇంగ్లీషు ఛానెలులో తుపానున జిక్కి పగిలెను. నావికులు 26 మందియు బ్రదికి బయటపడిరి. ఓడను డెవన్ తీరమున నిసుకమీది కెక్కించి, పైతట్టున తడవక మిగిలిన సుమారు 660 పెట్టెలను దూచిరి. వానిలో 137 పెట్టెల బరువు పట్టీలో వ్రాసినదానికి 3 టన్నులకు మించి భేదించెను. ఒకదానియందు భేదము 20 టన్నులు! ఆ 137 పెట్టెలును గలిసి పట్టీకంటె 312 టన్ను లధికముగ దూగెను. ఓడకట్టడములోని బలహీనతయే ముఖ్యకారణమని విచారణకర్తలు తేల్చిరి. బరువుల యసత్యము దానికి తోడయ్యెను. ఏ పెట్టె అడుగున నుండవలెనో, ఏది పైకెక్కవలెనో పట్టీని జూచియే నిర్ణయింతురు. బరువైనదానిని తేలికయని వ్రాసిన కలము దొంతరను గూల్చును, ఓడను ఒరగించును. తుదకు 2016 జులై 1 నుండి, సరిచూచిన బరువు దెలుపని పెట్టెను ఓడ కెక్కింపరాదని సముద్రప్రయాణమున ప్రాణరక్షణకై యేర్పడిన అంతర్జాతీయపు టొడంబడికలో నియమము చేర్చిరి.

ఇది అసత్యపు టంకె చేసిన కీడు. సత్యమైన యంకెను మూలబెట్టిన గలుగు కీడు వేఱొకటి కలదు. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవు ప్రేలినది. 2013లో నొక యోడపై వచ్చిన 2,750 టన్నుల అమ్మోనియము నైట్రేటు ఆ రేవుగిడ్డంగిలో నేండ్లతరబడి పడియుండెను. ఎంతయున్నదో కాగితములలో గలదు. దానిని తొలగింపుడని సుంకపుటధికారులు న్యాయాధికారులకు మాటిమాటికి వ్రాసిరి. కాని నాడు మంటలార్ప బోయిన అగ్నిమాపకదళము వారి కామాట చెప్పినవారు లేరు. వారును, నగరవాసులును గలిసి 200 మందికి పైగా మరణించిరి. ఆ వార్త వినిన పిమ్మటనే మద్రాసు చెంత 2015 నుండి నిలిచియున్న సుమారు 700 టన్నుల యదే ద్రవ్యమును కదలించి మన హైదరాబాదునకు దరలించిరి. పరాయి నగరము కాలిననే గాని మన గిడ్డంగి తలుపు తెరువబడలేదన్నమాట.

2025 మే 25న "ఎం.ఎస్.సి. ఎల్సా 3" అను ఓడ 640 పెట్టెలతో కేరళతీరము చెంత మునిగెను. పండ్రెండు పెట్టెలలో కాల్షియము కార్బైడు కలదు. అది నీరు తగిలిన మండు వాయువును బుట్టించును. ఒడ్డునకు గొట్టుకొనివచ్చిన పెట్టెను ముట్టవచ్చునా కూడదా యని జాలరి యడిగినపుడు, పట్టీ తప్ప వేఱేది ప్రత్యుత్తర మీయగలదు?

మఱి వర్తకు డేల యసత్యమాడును? అపాయకరమైన సరకునకు ఓడకూలి హెచ్చు; కొన్ని యోడలు దాని నెక్కించుకొననే యెక్కించుకొనవు. వెల తగ్గించి వ్రాసిన సుంకము తగ్గును. పెంచి వ్రాసిన ధనము గుట్టుగా దేశము దాటును. ఒకచివర పట్టీని మాత్రమే చూచు నధికారి కీ మోసము కనబడదు. ఎగుమతిదేశపు పట్టీని దిగుమతిదేశపు పట్టీతో సరిపోల్చిననే బయటపడును. కావుననే 2017 ఫిబ్రవరి 22న అమలునకు వచ్చిన ప్రపంచ వాణిజ్యసంస్థ యొడంబడికలో, ఒక దేశపు సుంకశాఖ మఱియొక దేశపు సుంకశాఖను వివరము లడుగుటకు దారి యేర్పఱచిరి. ఈ ప్రకరణమునకై పట్టుపట్టినవారిలో మన దేశమొకటి.

ఇట నొక యాక్షేపణ కలదు. మన వ్యాపారరహస్యములు పరులచేత బడవా? బలవంతులు బలహీనుల లెక్కలను మాత్రము చదువరా? ఈ భయము నిరాధారము గాదు. మన మీయగా వారు పుచ్చుకొనుటయే యైనచో అది పంచుకొనుట గాదు, కప్పము గట్టుట. అడుగువారు మున్ను తమయింట సరిచూచుకొనవలెను; కారణము చెప్పవలెను; తెలిసినదానిని గుప్తముగ నుంచవలెను; తాము గూడ నట్లే యీయవలెను. అపుడే సమానగౌరవము. మఱియు అన్ని యంకెలును ఒక తరగతివి గావు. వెల, కొనుగోలుదారుని పేరు వర్తకుని సొత్తు. వానిని సుంకశాఖకు మించి పోనీయరాదు. బరువు, అపాయము ఎవని సొత్తును గావు. వానిని కళాసికిని, కూలికిని, తీరవాసికిని దాచుట నేరము.

ఈ ధర్మము మనకు గ్రొత్తది గాదు. మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దిలో నిలిపిన యభయశాసనమును స్మరింపుడు. తుపానున జిక్కి కొట్టుకొనివచ్చిన యోడల సరకును పూర్వరాజులు లాగికొనుచుండగా, తాను నిర్ణీతమైన సుంకము దక్క మఱేమియు గొననని ఆ రాజు రాతిపై చెక్కించెను. ముప్పదింట నొకపాలు అని అంకెను గూడ వ్రాయించెను. దేశదేశముల వర్తకు లెల్లరు చదువుకొనుటకు రేవులో నిలిపిన యంకె యది. రక్షణ సైన్యముతోనేగాక, బహిరంగమైన లెక్కతోను గలుగునని ఆతడెఱుగును.

నేడు మన రేవులనుండి రొయ్యలు, మిరప, బియ్యము దూరదేశములకు బోవుచున్నవి. ఔషధశేషములు కనబడుచున్నవని 2016లో ఐరోపా సమాఖ్య మన రొయ్యల పరీక్షను నూటికి పది మూటలనుండి ఏబదికి బెంచినది. కొందఱి దోషమునకు తీరమంతయు దండుగ చెల్లించినది. శుద్ధముగ బెంచిన రైతు సరకు సైతము రేవులో నిలిచినది. మాట చెల్లని వర్తకునకు సరకు చెల్లదు.

కావున సభలోనున్న వర్తకులకును, గుమాస్తాలకును మా మనవి యొక్కటే: పెట్టెను తూచి బరువు వ్రాయుడు, అందున్నది ఉన్నట్లు వ్రాయుడు. ఆ పట్టీని నమ్మి యోడయెక్కువాడు మన పల్లెవాడే కావచ్చును.