నయమయ్యే జబ్బుకు కంచం వేరెందుకు?

(జిల్లా మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టర్ని కాదు. హెపటైటిస్ సి వచ్చి, మందులు వాడి నయమైనదాన్ని. ఆ అనుభవమే చెప్తాను.

1994లో రెండో కాన్పుకి నాకు రక్తం ఎక్కించారు. ఈ వైరస్‌ను కనుక్కున్నదే 1989లో. అప్పటికి మన దేశంలో దాతల రక్తానికి ఈ పరీక్ష తప్పనిసరి కాలేదు. ఇరవై ఏళ్లు నాకేమీ తెలియలేదు. నీరసంగా ఉంటే ఇంటి చాకిరీ వల్లనే అనుకున్నాను. 2016లో గర్భసంచి ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్షలో బయటపడింది. ఇంట్లో నా కంచం, గ్లాసు వేరు చేశారు. మనవణ్ణి ఎత్తుకోనివ్వలేదు. "ఎక్కణ్ణించి తెచ్చుకున్నావే?" అన్నారు మా అత్తగారు. ఆసుపత్రిలో ఎక్కించిన రక్తానికి నా నడతను నిలదీశారు!

ఈ జబ్బు ప్రధానంగా రక్తం ద్వారా వస్తుంది. శుభ్రం చెయ్యని సూదుల ద్వారా వస్తుంది. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు.

పూర్వం దీనికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా ఇచ్చేవారు. బాధ ఎక్కువ, గుణం సుమారు సగం మందికే. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్బువిర్ మాత్ర వచ్చింది. ధర మాత్రకి వెయ్యి డాలర్లు! పన్నెండు వారాలకి 84 వేల డాలర్లు. మన దేశంలో ఆ పేటెంటు మీద అభ్యంతరాలు దాఖలయ్యాయి. 2014లో గిలియడ్ కంపెనీ మన కంపెనీలకు లైసెన్సులిచ్చింది. 2015 నుంచి మన హైదరాబాదు కంపెనీలే ఆ మాత్రను అందులో చిన్న వంతు ధరకి తయారుచేశాయి.

అయినా మా ఇంట్లో "ఈ వయసులో నీకంత ఖర్చెందుకు?" అన్నారు. నా గాజులు నేను అమ్ముకున్నాను. పన్నెండు వారాలు మాత్రలు మింగాను. మరో పన్నెండు వారాల తర్వాత పరీక్షిస్తే రక్తంలో వైరస్ లేదు.

ఈ మందులతో నూటికి తొంభై అయిదుమందికి పైగా నయమవుతుంది. కాలేయం గట్టిపడటం ఆగుతుంది, చాలామందిలో కొంత కోలుకుంటుంది కూడా. కాలేయ క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. కానీ అప్పటికే సిరోసిస్ ఉన్నవాళ్లు ఆర్నెల్లకోసారి స్కానింగ్ చేయించుకోవాలి. ఈ జబ్బున్న తల్లులకు పుట్టే నూరుమంది బిడ్డల్లో అయిదారుగురికి సోకవచ్చు. గర్భంతో ఉండగా ఈ మందులు సాధారణంగా ఇవ్వరు. అందుకే ముందే పరీక్ష, ముందే వైద్యం కావాలి.

ఇంకొక మాట. జబ్బు పోయినా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్‌గానే చూపిస్తుంది. ఆ కాగితం చూపి ఉద్యోగం ఇవ్వకపోవడం, సంబంధం తప్పించడం అన్యాయం. వైరస్ ఉందో లేదో చెప్పేది ఆర్.ఎన్.ఎ. పరీక్ష. అది అడిగి చేయించుకోండి.

2018 జూలై 28 నుంచి జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. నాలాగా ఎవరూ గాజులు అమ్ముకోనక్కర్లేదు. రక్తం ఎక్కించుకున్న పాత కాన్పుల తల్లుల్ని గుర్తించి పరీక్షలు చెయ్యమని మన సంఘం అడగాలి. వైద్యం దయ కాదు, మన హక్కు.

మా ఇంట్లో ఇప్పుడు నా కంచం అందరి కంచాలతోనే ఉంది. నేనే తీసి అక్కడ పెట్టాను.