సప్తసంతానాలలో తటాకం



పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం అనే ఏడింటిని మన పెద్దలు సప్తసంతానాలన్నారు. దేవాలయ నిర్మాణంతో సమానమైన పుణ్యకార్యంగా చెరువు త్రవ్వించడాన్ని ఎంచారు. నేడు మనం గోపురానికి సంతోషంగా చందా ఇస్తాము. గుడి ప్రక్కనున్న చెరువు పూడిపోతుంటే మాత్రం అది ప్రభుత్వం వారి పని అనుకుంటాము.

కడప జిల్లా పోరుమామిళ్ళలో భైరవాలయం వద్ద ఒక శాసనం ఉన్నది. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ నిర్మించిన పెద్ద చెరువును గురించి క్రీ.శ. 1369లో వేయించినది. వేయి మంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల శ్రమ అని లెక్క చెప్పి, మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ వివరించింది.

మొదటి అంగం ధర్మాత్ముడైన రాజు. రెండవది జలశాస్త్రం తెలిసిన పండితుడు. అంటే భక్తి ఒక్కటే చాలదు, శాస్త్రజ్ఞానమూ కావాలి. గట్టి నేల, తియ్యని నీటి నది, దృఢమైన కట్ట, మంచి రాళ్ల గని ఇవన్నీ చెప్పి, చివరకు పనితనం తెలిసిన కూలివారిని కూడా ఒక అంగంగా చేర్చారు. రాజుతో మొదలైన వరుసలో తట్ట మోసినవానికీ స్థానమిచ్చిన ఆ శాసనకర్తకు నమస్కరించాలి.

కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల వంటివి దోషాలు. వాటిలో ఒకటి మమ్ము ఆలోచింపజేసింది. రెండు రాజ్యాల సరిహద్దున ఉన్న చెరువు దోషయుక్తమట! ఇద్దరిదీ అయినది ఎవరికీ పట్టదని కాబోలు. నేటి మన చెరువులన్నీ అటువంటి సరిహద్దులోనే ఉన్నాయి. పంచాయతీ వారు నీటిపారుదల శాఖను చూపుతారు, వారు రెవెన్యూ వారిని చూపుతారు. ఈలోగా శిఖం భూమిలో ఇండ్లు లేస్తాయి. 2020 అక్టోబరులో హైదరాబాదులో కాలనీలు నీట మునిగినప్పుడు, చెరువుల దారులు మూసిన ఫలితం కళ్లారా చూశాము.

ఇతరులను నిందించే ముందు మన సంగతి చూసుకోవాలి. కల్యాణమండపం కోసం కోనేటినే పూడ్చిన చోట్లున్నాయి. దేవుని పేరుతో చేసినా ఆక్రమణ ఆక్రమణే. పూర్వం వినాయకచవితికి చెరువు మట్టితో ప్రతిమ చేసి తిరిగి ఆ నీటిలోనే కలిపేవారు. ఇప్పుడు కరగని ప్లాస్టర్ ప్రతిమలనూ, రంగులనూ నీళ్లలో వదులుతున్నాము.

కార్తీకమాసంలో దీపం వదలడానికి మీ ఊరి చెరువుకు వెళతారు కదా! ఆనాడు ఒక్క గంట ముందుగా వెళ్లండి. తూము ఎక్కడున్నదో, అలుగు తెరిచి ఉన్నదో లేదో, నీరు వచ్చే వాగును ఎవరు మూశారో ఊరి పెద్దలతో కలిసి చూసి రండి.