పాడి ఇంట్లో ఎముకల సంగతి

(ఉప్పల్‌లో పాల ఉత్పత్తిదారుల సంఘాల ప్రతినిధుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



పశువుల ఖనిజ పోషణ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట చెప్తాను. కాని కొట్టంలో మొదలుపెట్టి వంటింటి దాకా పోతాను. మధ్యలో దారి తప్పాడని అనుకోకండి.

పాల జ్వరం మీకు కొత్త కాదు. మంచి పాల ఆవు ఈనిన ఒకటి రెండు రోజుల్లో తూలుతుంది, కూలబడుతుంది, మెడ పక్కకు తిప్పి డొక్కకు ఆనించి పడుకుంటుంది. పేరుకు జ్వరమే గాని ఒళ్లు చల్లబడుతుంది. లీటరు జున్నుపాలలో సుమారు రెండు గ్రాముల కాల్షియం పోతుంది. ఆవు నెత్తురులో ఉండే కాల్షియం ఎప్పుడూ కొద్దే. పొదుగు ఒక్కసారిగా లాగేసరికి నెత్తురు ఖాళీ అవుతుంది, ఎముకల్లో ఉన్నది కరిగి వచ్చేలోగా పశువు పడిపోతుంది. డాక్టరు వచ్చి కాల్షియం బోరోగ్లూకోనేట్ నరానికి ఎక్కిస్తే, చచ్చిపోతుందనుకున్న ఆవు గంటలో లేచి నిలబడుతుంది. నా ఉద్యోగంలో నాకు పేరు తెచ్చిన వైద్యం ఇదొక్కటే అంటే అబద్ధం కాదు.

నల్లగొండ వైపు ఒక ఊళ్లో ఇలాగే ఒక రాత్రి ఆవును లేపాను. లాంతరు పట్టుకొని నిలబడ్డ ఇల్లాలు నడుము మీద చెయ్యి వేసుకొని అడిగింది: “సారూ, దానికి సూది పడంగనే లేచె. నా నడుముకు గూడ అసొంటి సూదేమన్న ఉన్నదా?” ఆమెకు నలభై ఏళ్లు దాటి ఉండవు. ఎన్ని పాలు పోస్తున్నావమ్మా అంటే, “పొద్దుగాల ఆరు, మాపటికి ఐదు” అంది. ఇంట్లోకో? “చాయలకు ఒక గిలాసెడు. పెరుగు, సుట్టాలొచ్చినప్పుడు.” ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు. జవాబు కోసం వెతికితే మన పక్కనే దొరికింది.

ఉప్పల్ నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక పోతే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. లాలాపేట విజయ డెయిరీకి పనిమీద వచ్చిన వాళ్లు ఆ దగ్గరి నుంచే పోయి ఉంటారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకున్న సంస్థ అది. అక్కడి డాక్టర్ వీణా శత్రుఘ్న గారు, వారి సహచరులు 30 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న 289 మంది పేద ఇళ్ల ఆడవాళ్లను పరీక్షించారు. ఎముక సాంద్రత కొలిచే ఎక్స్-రే యంత్రం మీద పడుకోబెట్టి తుంటి, వెన్ను కొలిచారు. 2005లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తుంటి ఎముక మెడ దగ్గర చూస్తే నూటికి సుమారు 29 మందికి ఎముక గుల్లబారి ఉంది. ముసలివాళ్ల జబ్బు అనుకున్నది, బరువులు మోసి పనిచేసే వయసులోనే పట్టుకుంది. వాళ్ల తిండి లెక్క చూస్తే రోజుకు సగటున 270 మిల్లీగ్రాముల కాల్షియం. అప్పటి తర్వాత 2010లో పెద్దవాళ్లకు రోజుకు 600 కావాలని మన దేశపు శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. 2020లో దాన్ని 1,000 చేశారు.

ఆ 270 ఎంతో మీ భాషలో చెప్తాను. లీటరు ఆవు పాలలో సుమారు 1,200 మిల్లీగ్రాములు ఉంటుంది, బర్రె పాలలో అంతకు తగ్గదు. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో 240. ఆ ఆడవాళ్లు రోజంతా తిన్న అన్నం, పప్పు, కూర, చాయ్ అన్నీ కలిపితే వచ్చింది ఇంచుమించు ఒక్క గ్లాసు పాలకు సరి.

ఎముక రాయి లాంటిదని మనం అనుకుంటాం. కాదు, అది ప్రాణమున్న వస్తువు. దానిలో పాతదాన్ని తొలిచే కణాలు కొన్ని, ఆ గుంతలో కొత్తది పోసే కణాలు కొన్ని. పాత ఇంటి గోడను ఒక పక్క కూల్చి, ఒక పక్క కట్టుకుంటూ అందులోనే కాపురం ఉన్నట్టు. పెద్దవాళ్ల ఒంట్లో ఏటా సుమారు పదోవంతు ఎముక ఇలా మారుతుంది. ఒంట్లోని కాల్షియం సుమారు కిలో. నూటికి 99 పాళ్లు ఎముకల్లోనే ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క పాలు తగ్గితే గుండె, కండరం పనిచేయవు, అందుకని శరీరం ఎముక దగ్గర అప్పు తెస్తుంది. ముప్పై ఏళ్ల లోపు కట్టుడు ఎక్కువ, ఆ తర్వాత కూల్చుడు మెల్లగా మించుతుంది, ఆడవాళ్లకు ముట్లు ఆగిన కొన్నేళ్లు మరీ వేగంగా. ఆవుకైతే అప్పు తీరలేదని రెండు రోజుల్లో తెలుస్తుంది. మనిషికి ఇరవై ఏళ్లకు, బావి దగ్గర జారిపడి తుంటి విరిగినప్పుడు తెలుస్తుంది. మా అమ్మకు అలాగే తెలిసింది. ఆమె జీవితమంతా పాడి ఇంట్లోనే గడిచింది.

పాలొక్కటే మందు అనడానికి నేనిక్కడికి రాలేదు. హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987-90 మధ్య కొన్ని ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అదనంగా పోషకాహారం ఇచ్చారు, కొన్నింట ఇవ్వలేదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎముకలు కొలిచి 2014లో ఫలితం ప్రకటించారు. చిన్నప్పటి ఆ తిండి కంటె, ఇప్పటి కండపుష్టికి, బరువు ఆనే పనికే ఎముక బలంతో దగ్గర సంబంధం కనబడింది. కష్టం చేసే ఒళ్లు కావాలి, ఆ ఒంటికి తిండీ కావాలి. ఎండ కూడా కావాలి. తిరుపతిలో డాక్టర్ హరినారాయణ్ గారి బృందం పల్లెల్లోనూ పట్నంలోనూ చాలామందికి డి విటమిన్ చాలకపోవడం చూసింది. ఒంటికి ఆ విటమిన్ ఇచ్చే ఎండ అక్కడ పగలు పదకొండు నుంచి రెండు మధ్యదని తేల్చింది. పొద్దున చీకట్లో పాలు పితికి, రోజంతా నీడపట్టున పనిచేసేవాళ్లకు అదీ తక్కువే.

ఇప్పుడు నీళ్ల సంగతి. మర్రిగూడ వైపు నుంచి వచ్చినవారికి నేను కొత్తగా చెప్పేది లేదు, వాళ్లే నాకు చెప్పాలి. ఎముకకు తక్కువైనా ముప్పే, ఫ్లోరైడ్ వల్ల అడ్డదిడ్డంగా పెరిగినా ముప్పే. పశువైద్యుడిగా నేను మనసులో పెట్టుకున్న విషయం ఒకటుంది: ఈ జబ్బును మనుషుల కంటె ముందు పశువులు చూపించాయి. పాత హైదరాబాదు రాజ్యంలో పశువులకు ఇది ఉందని 1934లో మహాజన్ అనే పశువైద్య పరిశోధకుడు రాశారు. అప్పటి నెల్లూరు జిల్లాలో దుక్కిటెడ్లు కీళ్లు బిగిసి నడవలేకపోతుంటే రైతులు అమ్మేసి కొత్తవి కొనుక్కున్నారని చెబుతారు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అదే జిల్లాలో మనుషుల ఫ్లోరోసిస్ గురించి ప్రకటించారు. ఎద్దును మార్చారు గాని బావిని అనుమానించలేదు.

1973లో తార్నాక సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఇంకో వింత చూశారు. ఫ్లోరైడ్ ప్రాంతంలో ఎదిగే పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. వెన్నెముక గట్టిపడి, కాళ్ల ఎముకలు పలచబడి ఉన్నాయి. ఒకే ఒంట్లో రెండు జబ్బులు. జొన్న తిండి మీద ఫ్లోరైడ్ ఒంట్లో ఎక్కువ నిలుస్తుందని 1977లో అక్కడే లక్ష్మయ్య, శ్రీకంటియా గార్లు చూపారు. అలాగని జొన్నను తప్పుపట్టకండి, తప్పు నీళ్లది. కాల్షియం సరిపడా తింటే పేగులోనే కొంత ఫ్లోరైడ్‌ను కట్టేస్తుంది. 2002లో అదే సంస్థ డాక్టర్ ఖండారే గారి బృందం బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. మన పులుసుకు అంత గౌరవం దక్కడం నాకు సంతోషం. కాని వంగిన ఎముకను పులుసు సరిచేయదు. పటిక, సున్నంతో నీళ్లు తేర్చే పద్ధతికి లోకమంతా నల్లగొండ పేరే పెట్టారు. ఊళ్లకు అసలు మేలు చేసింది నదుల నీళ్లు రావడమే. కుళాయి వచ్చిందని మనుషులు బోరు నీళ్లు మానేశారు. కొట్టంలో తొట్టికి ఏ నీళ్లు పోస్తున్నారో ఇంటికి పోయి చూడండి.

ఇంకొక మాట క్లుప్తంగా. ఒకప్పుడు నాచారంలో ఉండి, ఇప్పుడు ఈ ఉప్పల్‌లోనే ఉన్న డీఎన్ఏ కేంద్రం వాళ్లు, మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసులో వేళ్ల కణుపులు ఉబ్బి, కీళ్లు బిగిసే ఒక వంశపారంపర్య జబ్బు జన్యువును మన దేశపు కుటుంబాల్లో పరిశీలించి 2012లో ప్రకటించారు. చాలాచోట్ల దాన్ని కీళ్లవాతమని పొరబడి ఏళ్ల తరబడి మందులు మింగిస్తారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం వస్తేనే బయటపడుతుంది గనుక మేనరికపు ఇళ్లలో అలాంటి బిడ్డ ఉంటే నీళ్లను తిట్టుకుంటూ కూర్చోక జన్యు పరీక్షకు తీసుకుపోండి.

ఫెడరేషన్ వేదిక మీద నిలబడి పాలు పోయకండి అనేవాణ్ణి కాను. పాల బిల్లు మీద ఎన్ని ఇళ్లు నడుస్తున్నాయో నాకు తెలుసు. కేంద్రంలో మీకు ధర కట్టేది ముఖ్యంగా వెన్న శాతం చూసి. కాల్షియం వెన్నలో ఉండదు, నెయ్యిలో అసలే ఉండదు. వెన్న తీసినా మజ్జిగలోనే మిగులుతుంది. పదకొండు లీటర్లు పోసే ఇంట్లో అర లీటరు తోడుపెడితే బిల్లులో ఎంత తగ్గుతుందో కార్యదర్శి గారు ఇప్పుడే లెక్క చెప్పగలరు. ఆ లెక్క భర్తతో, అత్తతో కలిసి చూడండి. తోడుపెట్టింది మొగవాళ్ల కంచాల్లోకే పోతే మాత్రం ఈ ప్రసంగం దండగ.

ఇక నాకిచ్చిన విషయం. పాల జ్వరం వస్తుందనే భయంతో చూడి ఆఖరి మూడు వారాల్లో ఆవుకు కాల్షియం సీసాలు తాగించకండి. అప్పుడు బయటి నుంచి ఎక్కువ వస్తే, ఎముక నుంచి తీసుకునే అలవాటు మందగించి ఈనిన రోజున మోసం చేస్తుంది. ఈనాక, పాలిచ్చే రోజుల్లో ఖనిజ మిశ్రమం మానకండి. ఫ్లోరిన్ తొలగించని రాతి ఫాస్ఫేట్ కలిపిన చవక పొడి కొంటే, బోరులో వద్దనుకున్నది దాణాలో పెట్టినట్టే. రెండు సంచులు తెచ్చాను, ఒకదాని మీద లేబుల్ ఉంది, ఒకదాని మీద లేదు. ముందు వరుసవాళ్లు దగ్గరికి రండి, లేబుల్ చదివి చూద్దాం.