స్టాంపు చింపకండి, కవరు దాచండి

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వతంత్ర భారతదేశపు స్టాంపులు సేకరిస్తానని చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "అమ్మితే ఎంత వస్తుంది?" జవాబు ముందే చెప్పేస్తాను. చాలావాటికి పెద్దగా ఏమీ రాదు. ఇవి లక్షల సంఖ్యలో అచ్చవుతాయి. వేలమంది కొత్తవి కొని, చెయ్యి తగలకుండా దాచుకుంటారు. అందరూ దాచుకున్నది అరుదైనది ఎలా అవుతుంది?

మినహాయింపులు లేకపోలేదు. 1948 ఆగస్టు 15న గాంధీజీ స్మారకంగా నాలుగు స్టాంపులు వచ్చాయి. స్విట్జర్లాండులో అచ్చయిన వాటి మీద "బాపు" అని హిందీలోనూ ఉర్దూలోనూ ఉంటుంది. వాటిలో పది రూపాయల స్టాంపు ఈనాటికీ ఖరీదైనదే. ఆ రోజుల్లో ఒక్క స్టాంపుకు పది రూపాయలు పెట్టగలిగినవారు ఎందరు?

మరి మిగతావి ఎందుకు సేకరించాలి? దేశం తన గురించి తాను ఏం చెప్పుకుందో వరసగా చూడవచ్చు. 1947 నవంబరు 21న వచ్చిన మూడున్నర అణాల స్టాంపు మీద జాతీయ జెండా, "జైహింద్" అన్న మాట. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు భారతదేశ పటం. మనవాళ్ళలో త్యాగరాజస్వామి 1961లో, వేమన 1972లో, కందుకూరి వీరేశలింగం 1974లో, అల్లూరి సీతారామరాజు 1986లో, పింగళి వెంకయ్య 2009లో స్టాంపులకెక్కారు. 2006లో గంధపు వాసన వచ్చే స్టాంపు, 2011లో ఖాదీ గుడ్డ మీద అచ్చువేసిన గాంధీజీ స్టాంపు కూడా వచ్చాయి.

ఇవన్నీ డబ్బు పెడితే దొరుకుతాయి. నేను వెతికేది వేరు. ఒక్క ఉదాహరణ చెబుతాను.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటిమంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. వారి సహాయార్థం ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద ఐదు పైసల స్టాంపు అదనంగా అంటించాలని ప్రభుత్వం నియమం పెట్టింది. ప్రత్యేక స్టాంపు అచ్చయ్యేదాకా ఆగే వీలులేక, అప్పటికే ఉన్న కుటుంబ నియంత్రణ స్టాంపు మీద శరణార్థి సహాయం అని ముద్ర వేసి ఇచ్చారు. ఈ పన్ను 1973 మార్చి నెలాఖరు దాకా నడిచింది.

ఈ స్టాంపును నీళ్ళలో నానబెట్టి ఊడదీస్తే మిగిలేది ఐదు పైసల కాగితం ముక్క. కవరు మీదే ఉంచితే పక్కనున్న స్టాంపు ఆనాటి తపాలా ఛార్జీ చెబుతుంది, ముద్ర ఊరూ తేదీ చెబుతుంది. అల్లుణ్ణి పండక్కి రమ్మని మామగారు రాసిన ఉత్తరం కూడా ఆ కోటిమంది కోసం ఐదు పైసలు మోసిందని తెలుస్తుంది.

అందుకే అంటాను: ఈ కాలపు సేకరణలో కొత్త స్టాంపు సులువు, నిజంగా పోస్టులో తిరిగిన కవరు కష్టం. ఇకమీదట మరీ కష్టం. ఇప్పుడు కౌంటరులో కవరుకు అంటించేది బార్‌కోడ్ చీటీ. రిజిస్టర్డ్ పోస్టు కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

మా బ్యాచ్‌వాళ్ళం ఇప్పుడు అమ్మానాన్నల ఇళ్ళు సర్దే వయసులో ఉన్నాం. అటక మీద ట్రంకు పెట్టె, గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చిన ఉత్తరాలు, దుబాయ్ నుంచో అమెరికా నుంచో వచ్చిన కవర్లు చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. కిలోల లెక్కన పాత కాగితాల వాడికి వేసేముందు ఒక్క పూట కూర్చుని చూడండి. స్టాంపు కోసం మూల కత్తిరించకండి. సెల్లో టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. తడి తగలని చోట విడివిడిగా పెట్టండి. లోపలి ఉత్తరం మీ ఇంటిది, మీ దగ్గరే ఉంచుకోండి. ఖాళీ కవరు చాలు.

పిల్లలకు ఒక మాట. 6 నుంచి 9 తరగతులవారికి తపాలాశాఖ 2017లో దీన్ దయాళ్ స్పర్శ్ యోజన ప్రారంభించింది. ఎంపికైతే ఏడాదికి 6,000 రూపాయల ఉపకారవేతనం. క్విజ్ రాయాలి, స్టాంపుల మీద ప్రాజెక్టు చేయాలి. అందుకు బడిలో ఫిలాటెలీ క్లబ్బు ఉంటే మంచిది. 200 రూపాయలతో ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త స్టాంపులు ఇంటికే వస్తాయి.

సంఘం పెద్దలకు నా విన్నపం ఇది. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన బడిలో ఆ క్లబ్బు పెడదాం. ఒక్కొక్కరం ఇంట్లోంచి ఒక్క కవరు తెచ్చి ఇద్దాం. తొలి పాతిక కవర్లు నేనిస్తాను. వాటి మీది ముద్రలు చదివి, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ రోజున వెళ్ళాయో పిల్లలు రాసిపెడితే, చరిత్ర పాఠానికి అంతకన్నా మంచి అనుబంధం దొరకదు.